చాయ్‌లో పాలెవరివి?

సావనీరుకు వ్యాసం ఇమ్మని సంఘం వారు అడిగినప్పుడు మా క్లాసువాళ్లంతా పెద్ద పెద్ద విషయాలే ఎన్నుకున్నారు. ఒకరు నిరుద్యోగం అన్నారు, ఒకరు కృత్రిమ మేధ అన్నారు, మరొకరు మహిళా విద్య అన్నారు. నేను చాయ్ గురించి రాస్తానంటే "గంతేనా?" అని నవ్వారు. గంతే. కాని ఈ కాలేజీలో చదువుకున్న వారెవరైనా, ఇప్పుడు లెక్చరర్లయినా, ఆఫీసర్లయినా, అమెరికాలో వున్నా, ఇక్కడ గడిపిన మూడేళ్లలో పుస్తకం ముట్టని రోజు వుంటుందేమో గాని చాయ్ ముట్టని రోజు వుండదు. కనుక ఇది అందరికీ సంబంధించిన విషయమే అని నా మనవి.

సంగతి ఎట్లా మొదలైందో చెబుతాను. పోయిన సంవత్సరం సైన్సు ఎగ్జిబిషన్ చూడటానికి హైదరాబాదు పోయినప్పుడు మా చిన్నమ్మ కొడుకు నన్నొక షాపుకు తీసుకుపోయాడు. వాడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, నాకు తమ్ముడి వరస. అద్దాల షాపు, చల్లటి గాలి, గోడ మీద నవ్వే ఎలుగుబంటి బొమ్మ. బల్ల మీద ఒక ప్లాస్టిక్ గ్లాసు పెట్టారు. పైన సీలు వేసిన మూత, దాన్ని పొడవటానికి నా బొటనవేలంత లావు గొట్టం. అడుగున నల్లగా రేగుగింజల్లాంటివి వున్నవి. "అన్నా, ఇది బబుల్ టీ. మెల్లగ పీల్చు, గొంతుకు పడతది" అన్నాడు తమ్ముడు. పీల్చాను. చల్లటి తీపి చాయ్ వెంట ఒక గింజ నోట్లోకి దూకింది. నమిలాను. రబ్బరులా సాగింది. రెండోది నమిలేసరికి నాకు అనుమానం వచ్చింది. ఈ రుచి నాకు తెలుసు. ఇది మా అమ్మ పండుగకు వండే సగ్గుబియ్యం!

తమ్ముడు ఒప్పుకోలేదు. "ఇది బోబా అన్నా, తైవాన్ది" అన్నాడు. బిల్లు 220 రూపాయలు. పాపం, వాడే కట్టాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే "సగ్గుబియ్యంల చాయ్ పోసి గన్ని పైసలు తీసుకున్నరా బిడ్డా?" అన్నది. మా బాపు మాత్రం ఏమీ అనలేదు. అప్పుడే పాలకేంద్రం నుంచి ఖాళీ క్యాను పట్టుకొని వచ్చి చేతిలోని చీటీ చూసుకుంటున్నాడు. ఫ్యాట్ 5.6, లీటరుకు 42 రూపాయలు. ఆ చీటీ, ఆ బిల్లు రెండూ ఒకే రోజు నా కళ్ల పడటమే ఈ వ్యాసానికి కారణం.

ముందు సగ్గుబియ్యం సంగతి తేల్చుకుందాం. నా అనుమానం నిజమే. బబుల్ టీ 1980లలో తైవాన్ దీవిలో పుట్టింది. తైచుంగ్ నగరంలోని చున్ శుయ్ తాంగ్ అనే టీ దుకాణం, తైనాన్ నగరంలోని హాన్లిన్ అనే టీ దుకాణం, రెండూ మేమే కనిపెట్టామన్నవి. పదేళ్లు కోర్టులో కొట్లాడుకున్నాయి. చివరకు 2019లో కోర్టువారు, ఇది ఎవరైనా చేసుకోగల పానీయం, పేటెంటున్న వస్తువు కాదు, కనుక ఎవరు ముందన్నది తేల్చనక్కర లేదని చెప్పి పంపేశారు. (మన దగ్గర బిర్యానీ కోసం ఎవరూ ఇట్లా కోర్టుకెక్కకుంటే అదృష్టం.) అందులోని గింజలు కర్రపెండలం పిండితో చేసినవి. కర్రపెండలం దక్షిణ అమెరికా దుంప. పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి వచ్చింది. మన సగ్గుబియ్యం కూడా ఈ పిండిదే. పేరు మాత్రం మలయా భాషలోని సాగు అనే తాటిజాతి చెట్టుది. ఒకప్పుడు ఆ చెట్టు బోదెలోని పిండితో చేసిన గింజలు ఓడల్లో వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దిగుమతులు ఆగిపోయినప్పుడు 1940లలో సేలంలో కర్రపెండలంతో సగ్గుబియ్యం చేయటం పట్టాలెక్కింది. తరువాత మన గోదావరి వైపు సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో మిల్లులు వెలిశాయి. అక్కడి మెట్ట రైతులు ఈ దుంపను నమ్ముకొని బతుకుతున్నారు. మన జహీరాబాదులో మరాఠీ, కన్నడ ఇండ్లలో ఉపవాసం నాడు సాబూదానా కిచిడీ లేనిదే గడవదు. కాబట్టి ఆ అద్దాల షాపులో నేను నమిలింది పరాయి వస్తువు కాదు, దూరం పోయి పేరు మార్చుకొని వచ్చిన చుట్టమే.

బోబా అట్లా సాగటానికి కారణం చెప్పకపోతే సైన్సు విద్యార్థినని చెప్పుకొని లాభం లేదు. పిండి రేణువులను నీళ్లలో వేడి చేస్తే 60 డిగ్రీలు దాటిన తరువాత అవి నీరు తాగి ఉబ్బి, లోపలి గొలుసులు విడిపోయి జిగురవుతాయి. కర్రపెండలం పిండిలో కొమ్మలు కొమ్మలుగా వుండే అమైలోపెక్టిన్ పాలు ఎక్కువ, అందుకే ఆ జిగురు అద్దంలా మెరుస్తుంది, సాగుతుంది. చల్లబడి చాలాసేపు నిలవ వుంటే ఆ గొలుసులు మళ్లీ దగ్గరికి చేరి గింజ గట్టిపడుతుంది. అందుకే షాపువాళ్లు కొన్ని గంటలకోసారి కొత్తగా ఉడికిస్తారు. నేనూ మా రూములో ప్రయత్నించాను. కిరాణా కొట్టు సగ్గుబియ్యం, మన ఊరి బెల్లం, చాయ్. గింజ చిన్నదవటం చేత గంజి అయింది. నలుగురం స్పూన్లతో తిన్నాం.

ఇక చాయ్. మనవాళ్లలో కొందరు బబుల్ టీని చూసి "పరాయి మోజు" అని ముక్కు విరుస్తారు. అటువంటి వారిని నేనొకటే అడుగుతాను: చాయ్ మనదెప్పుడైంది? అస్సాంలో తెల్లవారు తోటలు వేసింది లండనుకు పంపటానికి. ఇక్కడి జనానికి తాగటం నేర్పటానికని 1903లో టీ మీద సెస్సు వేస్తూ చట్టం చేసి, ఆ డబ్బుతో రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో, జాతరల్లో ప్రచారం చేశారు. వారు నేర్పింది ఇంగ్లీషు పద్ధతి, నీళ్లలో ఆకు, పైన నాలుగు చుక్కల పాలు. మన చాయ్‌వాలా ఆ మాట వినలేదు. ఆకు ఖరీదు, పాలు దగ్గర, కనుక ఆకు తగ్గించి పాలు పోశాడు, చక్కెర పోశాడు, అల్లం దంచి వేశాడు. ప్రచారకులు అది తప్పని ఎంత మొత్తుకున్నా వినలేదు. 1930 ప్రాంతంలో అస్సాంలో ఆకును నలిపి, చించి, చుట్టే సి.టి.సి. యంత్రం వచ్చింది. దాని చిన్న గుళికలు చిటికెడు వేస్తే చాలు, కప్పు నల్లబడుతుంది. పాలెన్ని పోసినా రంగు నిలుస్తుంది. చాయ్ బీదవాడి చేతికి అందింది ఆ తరువాతనే.

ఇరానీ చాయ్ కథ కూడా ఇటువంటిదే. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా హైదరాబాదుకు వచ్చి హోటళ్లు పెట్టినవారు తమ దేశంలో చాయ్‌లో పాలు పోయరు. చక్కెర ముక్క పంట కింద పెట్టుకొని నల్ల చాయ్ తాగుతారు. ఇక్కడికి వచ్చిన తరువాత డికాక్షన్ ఒక గిన్నెలో, చిక్కగా మరిగిన పాలు మరొక గిన్నెలో పెట్టి కప్పులో కలపటం మొదలుపెట్టారు. పాలు ఎక్కువ కావాలంటే పౌనా, చక్కెర ఎక్కువ కావాలంటే చెంచా నిలబడే చాయ్! మలయాలో రబ్బరు తోటలకు మన తెలుగువారు కూడా కూలికి పోయారు గదా, అక్కడ దక్షిణాది ముస్లిములు డబ్బా పాలతో చేసి ఎత్తు నుంచి పోసే చాయ్ ఈనాడు ఆ దేశానికే పేరు. హాంగ్‌కాంగ్‌లో గుడ్డ సంచిలో వడగట్టిన చాయ్‌లో చిక్కబరిచిన పాలు పోస్తారు. 2020లో థాయిలాండ్, హాంగ్‌కాంగ్, తైవాన్ ప్రాంతాల యువకులు ప్రజాస్వామ్యం కోసం ఇంటర్‌నెట్‌లో ఒక్కటై తమ కూటమికి పాల చాయ్ పేరే పెట్టుకున్నారు. పెద్ద చైనాలో చాయ్ పాలు లేకుండా తాగుతారు, మేము పాలు పోసుకునేవాళ్లం అని వారి గుర్తు. విద్యార్థి సంఘాలవారు గమనించవలసిన విషయం!

అంటే ఆసియా అంతటా చాయ్‌ని ఎక్కడివారక్కడ తమదిగా చేసుకున్నది పాలతోనే. మన జహీరాబాదు సంగతి చూడండి. బొంబాయి రోడ్డు మీద లారీలు ఆగే హోటళ్లలో పొద్దున 4 గంటలకే స్టవ్ వెలుగుతుంది. ఆ గ్లాసులో నాలుగు వస్తువులు: ఆకు, చక్కెర, అల్లం, పాలు. చెరకు మా చేన్లది. అల్లం జహీరాబాదు ఎర్రనేలలది, దాని పేరు హైదరాబాదు మార్కెట్లో అందరికీ తెలుసు. పాలు మా కొట్టంలోవి. పరాయిది ఆకు ఒక్కటే. ఇంత మనదైన వస్తువు ఇంకేదైనా వున్నదా అని నేను గర్వపడేవాణ్ణి. ఆ బబుల్ టీ తాగిన రోజున ఆ గర్వానికి కొంచెం దెబ్బ తగిలింది.

ఎందుకంటే గ్లాసు చేతిలో పెట్టే ముందు ఆ షాపు పిల్లవాడు డబ్బాలోంచి తెల్లటి పొడి రెండు చెంచాలు వేయటం చూశాను. పాలపొడేమో అనుకున్నాను. డబ్బా మీద నాన్ డెయిరీ క్రీమర్ అని వున్నది. గ్లూకోజ్ సిరప్, గట్టిపరిచిన నూనె, కొద్దిగా సోడియం కేసినేట్, అది చిక్కగా కలవటానికి మరికొన్ని లవణాలు. అన్ని షాపుల్లో ఇదే వాడతారని నేను అనటం లేదు, పాలు పోసేవారూ వున్నారు. కాని పాల చాయ్ అనే పేరుతో, పాల రంగుతో, పాల ధర కంటే ఎన్నో రెట్లు ధరతో, పాలు లేని గ్లాసు అమ్మటం న్యాయమేనా? పాలు అంటే పాడిపశువు పొదుగు నుంచి పిండినవే అని, మరొక దానికి ఆ పేరు పెట్టరాదని మన దేశపు ఆహార ప్రమాణాలే చెబుతున్నవి.

దీనికి తమ్ముడు ఫోనులో మంచి జవాబే ఇచ్చాడు. "అన్నా, పొడి చెడిపోదు, ఫ్రిజ్ అక్కర లేదు, ఎండాకాలం విరగదు. తైవాన్లోళ్లకు చాలామందికి పాలు అరగవు కూడ." నిజమే. తూర్పు ఆసియాలో పెద్దవారిలో లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము చాలామందికి తక్కువ. వారికి పొడి పుట్టటంలో అర్థం వున్నది. అద్దె, కరెంటు, సీలు యంత్రం, జీతాలు కూడా 220 రూపాయల్లోనే రావాలి, అదీ ఒప్పుకుంటాను. కాని 1998 నుంచి ప్రపంచంలో పాలు అందరికంటే ఎక్కువ పిండుతున్న దేశంలో ఆ పొడి ఎందుకు? పైగా తైవాన్ వారు తమ గ్లాసులో ఏమున్నదని గట్టిగానే అడుగుతారు. 2013లో అక్కడి గింజల పిండిలో మెలీయిక్ ఆమ్లం కలిపారని బయటపడితే సరుకంతా అంగళ్ల నుంచి వెనక్కి తీయించారు. మనం బబుల్ టీ తెచ్చుకున్నాం గాని ఆ అడిగే అలవాటు తెచ్చుకోలేదు.

ఇప్పుడు మా ఇంటి లెక్క చెప్పుకుంటాను, విసుగుపడకండి. మాకు రెండు బర్రెలు. రోజుకు 8 లీటర్లు కేంద్రానికి పోస్తాం. ఒక్కో ఫ్యాట్‌కు 7 రూపాయల 50 పైసల లెక్కన 5.6 ఫ్యాట్‌కు 42 రూపాయలు. రోడ్డు మీద 10 రూపాయల చాయ్‌లో 60 మిల్లీలీటర్ల పాలు పడతాయనుకుంటే అందులో మా బాపు వాటా రెండున్నర రూపాయలు, అంటే పావు వంతు. 220 రూపాయల గ్లాసులో ధారాళంగా 150 మిల్లీలీటర్ల అసలు పాలు పోశారనుకున్నా మా బాపు వాటా 6 రూపాయల 30 పైసలు, నూటికి మూడు కూడా లేదు. పొడి వేస్తే సున్న. ఆ ఒక్క గ్లాసు ధర పెడితే మా ఇంట్లో అయిదు లీటర్ల పాలు వస్తవి. గోదావరి వైపు దుంప తవ్విన రైతు వాటా ఎంతో ఆ రైతునే అడగాలి.

మరొక సంగతి చెప్పటానికి కొంచెం సిగ్గుగా వున్నది. మా ఇంట్లో సాయంత్రం చాయ్‌కి చాలా రోజులు పాలుండవు. క్యాను నింపటమే ముందు. అమ్మ నల్ల చాయ్ తాగి "గిదే మంచిగుంటది" అంటుంది. నా బస్సు పాసు, పరీక్ష ఫీజు ఆ క్యానులోంచే వచ్చినవి కనుక నేను మారుమాట్లాడను.

ఫ్యాట్ తక్కువ రావటానికి ఒక కారణం నాకు లాబులో తెలిసింది. కెమిస్ట్రీ సారు అనుమతితో మా ఇంటి పాలు తెచ్చి గెర్బర్ పరీక్ష చేశాను. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లు, పాలు 10.75, అమైల్ ఆల్కహాల్ 1, తరువాత యంత్రంలో తిప్పితే కొవ్వు పైకి తేలుతుంది, గొట్టం మీద గీతలు చూసి చదువుకోవటమే. మొదట పిండిన పాలల్లో 3.8 వచ్చింది, చివర పిండిన పాలల్లో 9.2. పొదుగులో చిక్కదనమంతా చివరికే వస్తుంది. మా బాపు ఆ చివరి పాలు పిండడు, దుడ్డెకు వదులుతాడు. ఈ మాట చెప్పి "బాపూ, ఇంకొంచెం పిండితే 6.4 దాకా వస్తది, లీటరుకు 48 పడతది, నెలకు 1,400 పైన వస్తయి" అన్నాను. ఆయన క్యాను కడుగుతూనే "దుడ్డె కడుపు కొట్టి ఫ్యాట్ తెచ్చుకునుడు మనకొద్దురా. రేపు అది బర్రె అయ్యేది ఎట్ల?" అన్నాడు. నా లెక్కలో దుడ్డె లేదు.

రెండో కారణం అంత తేలిక కాదు. మూడు రోజులు వరుసగా కేంద్రానికి పోసిన పాలలోనే కొంచెం సీసాలో పట్టి లాబులో చూశాను. మూడుసార్లూ 6.0కు దగ్గరగా వచ్చింది, కేంద్రం యంత్రం చీటీలో 5.6. ఎవరూ మోసం చేశారని నేను అనను. ఆ యంత్రాన్ని సరిగా కడగకపోయినా, సరిచూడకపోయినా లెక్క తప్పుతుంది, అది మా లాబు త్రాసుకూ వున్న జబ్బే. కాని ఆ 0.4 తేడా లీటరుకు 3 రూపాయలు, రోజుకు 24. ఊళ్లో పాలు పోసే ప్రతి ఇంటికీ ఆ తేడా వుంటే ఎంతవుతుందో మీరే గుణించుకోండి. చీటీ చూసి రైతు తల వంచుకొని రావటమే గాని, ఇంకోసారి చూడుమని అడిగే చోటు మాకు లేదు.

అందుచేత సంఘం వారికి నా విజ్ఞాపన. మన కాలేజీకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే విద్యార్థుల్లో చాలామంది పాడి ఇండ్లవాళ్లే. వారానికి ఒక పూట, శనివారం ప్రాక్టికల్స్ అయిన తరువాత, కెమిస్ట్రీ లాబులో ఎవరు పాలు తెచ్చినా ఫ్యాట్ చూసి, చీటీ రాసి ఇవ్వాలి. సామాను వున్నది, ఆమ్లం ఖర్చు పెద్దది కాదు, చేసే చేతులు మావి. మాకు ప్రాక్టికల్, ఊరికి సాక్ష్యం. ఇక మన కాంటీను. అందులో ఈమధ్య చాయ్ తాగినవారికి అది ఏ పొడితో చేస్తారో అనుమానం రాక మానదు. పాత విద్యార్థులు తమ రోజుల్లో ఈ కాంటీను చాయ్ మీద మీగడ కట్టేదని చెబుతారు, కొంత అతిశయోక్తి వుండవచ్చు. సంఘం వారు కాంటీను గోడ మీద ఒక నల్లబల్ల కట్టించి, ఈ రోజు పాలు ఏ ఊరివి, ఫ్యాట్ ఎంత, లీటరుకు ఎంత ఇచ్చాము అని రాయించాలి. పొడి వాడితే పొడి అనే రాయాలి. చాయ్ రెండు రూపాయలు పెరిగితే పెరగనీయండి. అడగటానికి నాకే నోరు రాదు, నేనూ రోజుకు రెండు తాగేవాణ్ణే, అయినా పెరగనీయండి.

బబుల్ టీ మన ఊరికి కూడా తప్పక వస్తుంది. రోడ్డు పక్కన కొత్త షాపులు లేస్తున్నవి. రానీయండి, నాకు దాని మీద పగ లేదు, నిజం చెప్పాలంటే ఆ గింజలు నాకు నచ్చినవి. సామర్లకోట సగ్గుబియ్యం కొంచెం పెద్ద గింజ పోయించి, మన బెల్లం పాకంలో వేసి, బర్రె పాలతో చేసి ఎవరైనా 40 రూపాయలకు అమ్మితే మొదటి గ్లాసు నేను కొంటాను. మా అమ్మకు కూడా ఒకటి పట్టుకుపోతాను.

మొన్న దసరా ముందు బేరగాడు వచ్చి మా రెండో బర్రెను చూసిపోయాడు. దాణా ధర పెరిగింది, 42 రూపాయలకు గిట్టటం లేదని బాపు అంటున్నాడు. వారం తరువాత బేరగాడు మళ్లీ వచ్చాడు, 5 వేలు పెంచాడు. ఆ పూట బాపు నన్ను పిలిచి "నీ లాబుల ఇంకోసారి చూడు, గీ బర్రెవి వేరుగ" అన్నాడు. రెండు సీసాలు కడిగి సంచిలో పెట్టుకున్నాను. శనివారం చూడాలి.